దిగే ముందు అడగండి

2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఒక కోళ్ల హేచరీలో వ్యర్థాల ట్యాంకు శుభ్రం చేయబోయి ఏడుగురు చనిపోయారు. అదే ఏడాది జూలైలో తాడిపత్రి దగ్గర ఒక ఉక్కు ఫ్యాక్టరీలో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఆరుగురు పోయారు. 2023 ఫిబ్రవరిలో కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలో నూనె ఫ్యాక్టరీ ట్యాంకులో మరో ఏడుగురు. రాగంపేట ట్యాంకులో పోసేది విష రసాయనం కాదు, మనం పోపు వేసుకునే నూనె. అక్కడ పోయిన ఏడుగురిలో ఐదుగురు పాడేరు వైపు నుంచి పని వెతుక్కుంటూ దిగి వచ్చినవాళ్లు.

మూడు చోట్లా మంటలు లేవు, పేలుడు లేదు. గాలి అనుకుని పీల్చినది గాలి కాదు, అంతే. ఇందులో ఏ ఒక్కటీ అంతుచిక్కని ప్రమాదం కాదు. ఇలాంటి చోట దిగే ముందు ఏం చేయాలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాశారు. లోపలి గాలిని పరీక్షించి, ప్రమాదం లేదని అర్హత ఉన్న వ్యక్తి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. అది లేకపోతే దిగేవాడికి శ్వాస పరికరం ఉండాలి, నడుముకు బెల్టు ఉండాలి, ఆ బెల్టుకు కట్టిన తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి. డెబ్బై అయిదేళ్లకు పైబడిన మాట ఇది. చట్టంలో ఉన్నది మ్యాన్‌హోల్ దాకా రాకపోవడమే మన కష్టం.

దాన్ని అక్కడిదాకా తీసుకురాగలిగిన వాళ్లలో మీరూ ఒకరు. ఐటీఐ పూర్తిచేసి ఫిట్టర్‌గా చేరబోతున్నవారు, బీఎస్సీ కెమిస్ట్రీ చదివి మందుల కంపెనీలో షిఫ్ట్ కెమిస్ట్ అయినవారు, పదో తరగతితో ఆపేసి కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గా వెళ్తున్నవారు, అందరికోసం ఈ అధ్యాయం. వ్యక్తిత్వ వికాసం పేరుతో మాట్లాడే నేర్పు గురించి ఎంతో చెబుతారు. ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి, నలుగురి ముందు ఎలా నిలబడాలి అని. పైవాణ్ణి ఒక ప్రశ్న అడగడానికి నోరు పెగలడం అన్నది ఇంటర్వ్యూ గదిలో కంటే మ్యాన్‌హోల్ ముందు ఎక్కువ అవసరమని నా గట్టి నమ్మకం.

ముక్కును నమ్మవద్దు

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 శాతం కంటే తగ్గిన చోట శ్వాస పరికరం లేకుండా పని చేయకూడదన్నది పరిశ్రమల్లో పాటించే హద్దు. ఐదారు శాతానికి పడిపోయిన చోట మనిషి కొద్ది క్షణాల్లోనే కూలిపోతాడు. "గాలి చాలకపోతే ఊపిరాడనట్టు తెలుస్తుంది కదా, అప్పుడు పైకొచ్చేయొచ్చు" అని చాలామంది అనుకుంటారు. ప్రాణాలు తీసేది ఈ నమ్మకమే. ఊపిరాడని బాధ మనకు ప్రధానంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు కలుగుతుంది. ఆక్సిజన్ తగ్గిందని శరీరం అంత గట్టిగా చెప్పదు. నైట్రోజన్ నిండిన పాత్రలో మీరు ఊపిరి తీసి వదులుతూనే ఉంటారు, కార్బన్ డయాక్సైడ్ ఎప్పటిలాగే బయటికి పోతూనే ఉంటుంది. దగ్గు రాదు, గొంతు పట్టదు, కళ్లు మండవు. మోకాళ్లు వంగిపోతాయి. పైకి రావాలన్న ఆలోచన పుట్టేసరికి నిచ్చెన పట్టుకునే శక్తి ఉండదు.

జీడిమెట్లలోనైనా పరవాడలోనైనా మందుల కంపెనీల్లో రియాక్టర్లలోకి నైట్రోజన్ పంపేది మంచికోసమే. ద్రావకాల ఆవిరి అంటుకోకుండా ఆక్సిజన్‌ను బయటికి నెట్టడానికి. ఖాళీ చేసి కడిగిన రియాక్టర్ చూడటానికి తళతళలాడుతూ ఉంటుంది, వాసన ఉండదు. అడుగున పొడి మిగిలిందేమో చూద్దామని మ్యాన్‌హోల్‌లో తల పెట్టినా చాలు. కాళ్లు బయట ఉన్నాయి కాబట్టి లోపలికి దిగలేదనుకోవద్దు. ముక్కు లోపలికి వెళ్లిందంటే మనిషి దిగినట్టే.

నైట్రోజన్ లేని చోట కూడా ఆక్సిజన్ తరిగిపోతుంది. చాలాకాలం మూసిపెట్టిన ఇనుప ట్యాంకు తుప్పు పడుతున్నప్పుడు లోపలి ఆక్సిజన్‌ను అదే తీసేసుకుంటుంది. అడుగున మిగిలిన నూనె మడ్డి, ధాన్యం, బెల్లపు మడ్డి కుళ్లినా పులిసినా అదే జరుగుతుంది. ఇక కోళ్ల వ్యర్థాలు, మురుగు, ఎఫ్లుయెంట్ ట్యాంకు బురద కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చేది దీనికే. మొదట ఘాటుగా కొడుతుంది, కాసేపటికి వాసన పోయినట్టుంటుంది. పోయింది వాసన కాదు. గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్ల దగ్గరికి ఈ వాయువు చేరేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. "ఇందాక కంపు కొట్టింది, ఇప్పుడు లేదు, దిగొచ్చు" అన్న మాట ఎవరి నోట విన్నా వాళ్లను చెయ్యి పట్టి ఆపండి. కార్బన్ మోనాక్సైడ్‌కైతే మొదటి నుంచీ వాసనే లేదు.

పల్లెల్లో పాత బావిలో పూడిక తీయడానికి దిగే ముందు దీపం వెలిగించి తాడుతో కిందికి వదిలేవాళ్లు. దీపం ఆరితే దిగేవాళ్లు కాదు. ఆ జాగ్రత్త వెనక ఉన్న తెలివికి దణ్ణం పెట్టాలి, కానీ దాన్ని ఫ్యాక్టరీకి తీసుకుపోకూడదు. చంపేటంత హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ ఉన్న చోట కూడా దీపం నిక్షేపంగా వెలుగుతుంది. ద్రావకాల ఆవిరి ఉన్న చోట ఆ దీపమే పేలుడు తెస్తుంది. దీపం చేసిన పనిని ఇప్పుడు గ్యాస్ మీటర్ చేస్తుంది. మామూలుగా వాడే మీటర్ నాలుగింటిని చూపిస్తుంది: ఆక్సిజన్, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్. దాని గొట్టాన్ని బయటి నుంచే లోపలికి వదిలి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. మీథేన్ పైకి పోతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ అడుగున పేరుకుంటుంది కాబట్టి ఒక్క చోట చూస్తే చాలదు. ఉదయం చూసిన లెక్క మధ్యాహ్నం భోజనం తర్వాత చెల్లదు, మళ్లీ చూడాలి. మీ ప్లాంట్‌లో వాడే ప్రతి ద్రావకాన్నీ ఈ మీటర్ పట్టలేదు. మీ ట్యాంకులో అంతకుముందు ఏముందో అడగాల్సిన అవసరం అందుకే.

మూతికి కట్టుకున్న తడి కండువా ఈ వాయువులను ఆపదు. డబ్బాలాంటి ఫిల్టర్ ఉన్న మాస్కు కొన్ని ఆవిర్లను ఆపుతుంది గానీ లేని ఆక్సిజన్‌ను పుట్టించలేదు. ఆక్సిజన్ తక్కువున్న చోట ఆ మాస్కుతో దిగడం, ఏమీ లేకుండా దిగడం రెండూ ఒకటే. మాస్కు ఉందన్న ధైర్యం మనిషిని ఇంకా లోపలికి తీసుకుపోతుంది కాబట్టి ఒక్కోసారి మాస్కుతో దిగడమే ఎక్కువ ప్రమాదం.

కాపాడబోయినవాళ్లు

ఇలాంటి వార్తల్లో తరచూ కనిపించే మాట "ఒకరి తర్వాత ఒకరు". మొదటివాడు పడిపోయాడు, వాణ్ణి తీసుకురావడానికి రెండోవాడు దిగాడు, ఇద్దరూ పలకకపోతే మూడోవాడు. అమెరికాలో వృత్తి ఆరోగ్యంపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియాష్ 1986లోనే దీని మీద ఒక హెచ్చరిక విడుదల చేసింది. ట్యాంకులు, గుంతల్లాంటి ఇరుకు చోట్ల చనిపోయేవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని అందులో ఉంది.

మన దగ్గర ఈ బాధ ఇంకా ఎక్కువ. కాంట్రాక్టర్ తెచ్చే ముఠాలో తరచూ ఒకే ఊరివాళ్లు ఉంటారు. అన్నదమ్ములు, బావ బావమరుదులు, తండ్రీ కొడుకులు ఒకే పనిలో ఉంటారు. కింద పడి ఉన్నది సొంత తమ్ముడైతే పైన నిలబడ్డవాడికి గ్యాస్ గుర్తుకు రాదు. ముందు వెనక చూడకుండా దూకేవాడు ఆ ముఠాలో మంచి మనసున్నవాడు, పదిమందికి సాయపడేవాడు. అలాంటివాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వాడికి ముందే నేర్పనివాళ్లదే తప్పు.

నేర్పడం అంటే "దిగకండి" అని చెప్పడం కాదు. ఆ క్షణంలో మనిషికి ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది, చేతులు ఊరుకోవు. ఆ చేతులకు పని చూపించాలి. గట్టిగా కేకవేసి అలారం కొట్టడం, లోపలికి గాలి పంపే బ్లోయర్‌ను ఆపకుండా నడిపించడం, మ్యాన్‌హోల్ మీద నిలబెట్టిన ట్రైపాడ్ చక్రం తిప్పి తాడుతో మనిషిని పైకి లాగడం. తాడు ముందే కట్టి ఉంటే ఇద్దరు మనుషులు లోపలికి అడుగు పెట్టకుండానే పడిపోయినవాణ్ణి బయటికి తీయగలరు. కట్టకపోతే శ్వాస పరికరం తొడుక్కున్న రెస్క్యూ బృందం వచ్చేదాకా ఆగాలి. ఈ ఆగడమే అన్నిటికంటే కష్టం, దీన్ని మాటలతో నేర్పలేం. ఇసుక బస్తాను మనిషి అనుకుని ట్యాంకులో పడేసి, నిజంగా కేకలు వేసి, నిజంగా తాడు లాగి సాధన చేయాలి. అలా చేసినవాడి చేతులు అసలు రోజున దూకడానికి బదులు చక్రం వైపు వెళ్తాయి. దూకబోతున్న పక్కవాణ్ణి గట్టిగా పట్టుకోవడం కూడా ఈ సాధనలో భాగమే.

సంతకం పెట్టే ముందు

చాలా కంపెనీల్లో మొదటి రోజు శిక్షణ ఎలా ఉంటుందో పనిచేసినవారందరికీ తెలుసు. ఒక గదిలో కూర్చోబెట్టి వీడియో చూపిస్తారు, హెల్మెట్ పెట్టుకోవాలంటారు, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని గేట్ పాస్ ఇస్తారు. ఆ సంతకం కంపెనీ ఫైలుకు పనికొస్తుంది, తనిఖీకి పనికొస్తుంది. మీకు పనికొచ్చేలా చేసుకోవడం మాత్రం మీ చేతిలో ఉంది. సంతకం పెట్టే ముందు రెండు విషయాలు నోరు తెరిచి అడగండి. నేను పనిచేసే చోట నన్ను చంపగలిగేది ఏది? అది జరిగితే నేను ఏ దారిన బయటికి పోవాలి? జవాబు గోడమీద పోస్టర్ చూపించి చెబితే సరిపెట్టుకోకండి, ఆ దారిలో నడిపించి చూపించమనండి. రాత్రి షిఫ్ట్‌లో ఆ తలుపుకు తాళం వేస్తారేమో కనుక్కోండి. పని మారినప్పుడు, కొత్త రసాయనం వచ్చినప్పుడు, సెలవుల తర్వాత ప్లాంటు మళ్లీ మొదలైనప్పుడు పాత శిక్షణ చాలదు, మళ్లీ అడగాలి.

భాష సంగతి విడిగా చెప్పాలి. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మందుల తయారీకి వాడే సెల్యులోజ్ పొడి చేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగి యాభై మందికి పైగా కార్మికులు బలైనప్పుడు, ఆచూకీ కోసం గేటు ముందు నిలబడ్డ కుటుంబాల్లో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో. మన పారిశ్రామికవాడల్లో తెలుగు రాని కార్మికులు వేలల్లో ఉన్నారు. వాళ్లకు తెలుగులోనో ఇంగ్లీషులోనో శిక్షణ ఇచ్చి సంతకం తీసుకోవడం శిక్షణ కాదు, మోసం. ఒడియా హెల్పర్‌కు ఒడియాలో చెప్పేవాళ్లు దొరక్కపోతే, పాతవాళ్లలో రెండు భాషలూ వచ్చిన ఒకరిని కూర్చోబెట్టి చెప్పించాలి. చెప్పాక "అర్థమైందా?" అని అడిగి లాభం లేదు. అందరూ తల ఊపుతారు. "ఇప్పుడు నువ్వు చేసి చూపించు" అనాలి. వాల్వు మూసి తాళం వేసి చూపిస్తాడా, బెల్టు సరిగ్గా బిగిస్తాడా, మీటర్‌లో అంకె చూసి దిగొచ్చో వద్దో చెబుతాడా? చేస్తే శిక్షణ అయినట్టు. మీ పక్కన పనిచేసేవాడు తెలుగు రానివాడైతే అతను తల ఊపాడా, చేసి చూపించాడా అన్నది మీరు గమనించండి. తాడు కొస పట్టుకునేది అతనే కావచ్చు.

మాట ఎలా పడాలి

"అడగమని పుస్తకంలో రాయడం తేలిక. అడిగితే రేపటి నుంచి రావొద్దంటాడు" అని మీరనుకుంటే అది న్యాయమైన భయమే. రోజుకూలీ మీద, కాంట్రాక్టర్ దయ మీద బతికేవాడికి "దిగను" అనే మాట ఖరీదైనది. కాబట్టి ఆ మాటతో మొదలుపెట్టకండి. దిగుతానని చెబుతూనే పర్మిట్, అంటే దిగడానికి ఇచ్చే రాతపూర్వక అనుమతి కాగితం, అడగండి. "మేస్త్రీ గారూ, గ్యాస్ ఎవరు చూశారు? పర్మిట్ ఒకసారి చూపిస్తే దిగుతాను." తెలంగాణలో అయితే "అన్నా, గ్యాస్ చెక్ చేసిన్రా? పర్మిట్ చూపియ్యి, దిగుత." ఇందులో ఎదిరింపు లేదు. మేస్త్రీకి కూడా పై అధికారి దగ్గరికి వెళ్లడానికి ఒక కారణం దొరుకుతుంది, ఎందుకంటే చాలాసార్లు అతనూ ఒత్తిడిలోనే ఉంటాడు. ఒక్కరు అడిగేకంటే ఇద్దరు కలిసి అడగండి. ముఠాలో వయసులో పెద్దవాడి చేత అడిగిస్తే ఇంకా మంచిది. షిఫ్ట్ వాట్సాప్ గ్రూపు ఉంటే "ఫలానా ట్యాంకుకు పర్మిట్ వచ్చిందా సార్?" అని అందులో ఒక వాక్యం పెట్టండి. రాతలో పడ్డ ప్రశ్నను నోటిమాటలా పక్కకు నెట్టేయడం ఎవరికీ తేలిక కాదు.

పర్మిట్ చేతికొచ్చాక చదవండి. చదవడం రాకపోతే చదివించుకోండి. అందులో ఈ రోజు తేదీ, ఈ షిఫ్ట్, ఈ ట్యాంకు నంబరే ఉండాలి. గ్యాస్ అంకెలు రాసి ఉండాలి, "ఓకే" అన్న ముక్క చాలదు. ఆ ట్యాంకులోకి వచ్చే పైపులన్నీ విడదీశారా, మధ్యలో ప్లేటు బిగించి మూశారా, లేక ఉత్తి వాల్వు తిప్పి వదిలేశారా అడగండి. వాల్వులు కారతాయి. లోపల తిరిగే కలియబెట్టే యంత్రానికి కరెంటు తీసి తాళం వేశారా, ఆ తాళంచెవి మీ జేబులో ఉందా చూసుకోండి. లోపలికి తీసుకెళ్లే చేతిదీపం 24 వోల్టులకు మించకూడదని ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. బయట నిలబడ్డ మనిషికి మరో పని చెప్పి పంపేయకూడదు. అతను వెళ్తున్నాడంటే ముందు మీరు బయటికి రావాలి.

చట్టం మీ వైపు ఎంతవరకు ఉందో తెలిస్తే గొంతుకు కొంత బలం వస్తుంది. భోపాల్‌లో 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి విషవాయువు లీకై జరిగిన ఘోరం తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, పనిలో ఉన్న ప్రమాదాల గురించి తెలుసుకునే హక్కును, శిక్షణ పొందే హక్కును, ముంచుకొస్తున్న ముప్పు గురించి హెచ్చరించే హక్కును కార్మికుడికి ఇచ్చారు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కూడా ఆ హక్కులున్నాయి. ప్రాణాపాయం ఉందని సహేతుకంగా అనిపిస్తే యజమానికి చెప్పొచ్చు, అదే సమయంలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేయొచ్చు. భద్రత కోసం ఇచ్చిన దేనికీ, వైద్య పరీక్షకు సైతం, కార్మికుడి నుంచి డబ్బు వసూలు చేయకూడదని కూడా ఆ కోడ్ చెబుతోంది. బూట్లకు, హెల్మెట్‌కు జీతంలో కోత పెట్టే కాంట్రాక్టర్ చట్టాన్ని మీరుతున్నాడు.

నెమ్మదిగా జరిగే హాని గురించి కూడా ఒక మాట. ద్రావకంతో చేతులు కడుక్కోవడం చాలా ప్లాంట్లలో అలవాటు. అది మురికిని తీస్తుంది, చర్మంలోంచి ఒంట్లోకీ పోతుంది. సబ్బు, నీళ్లు వాడండి. పని బట్టలు ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. కంపెనీ చేయించే వైద్య పరీక్షల నివేదిక నకలు అడిగి తీసుకుని, ఉద్యోగం మారినా దాచుకోండి. పదేళ్ల తర్వాత ఊపిరితిత్తులో చెవులో దెబ్బతింటే, చేరినప్పుడు బాగున్నాయని చెప్పే సాక్ష్యం ఆ కాగితమే.

మీరు సూపర్‌వైజరో షిఫ్ట్ ఇన్‌చార్జో అయితే మిమ్మల్ని ఒకటి అర్థిస్తున్నాను. హెల్పర్ మొదటిసారి "పర్మిట్ ఏది సార్?" అని అడిగినప్పుడు మీ ముఖంలో కనిపించేది అక్కడున్న పదిమందీ చూస్తారు. విసుక్కున్నారా, ఇక ఎవరూ అడగరు. ఆ రోజు అందరి ముందూ అతన్ని మెచ్చుకోండి, పని అరగంట ఆలస్యమైనా సరే.

కార్మికుడైనా అధికారైనా, రేపు షిఫ్ట్‌కు వెళ్లగానే మీ ప్లాంట్‌లో గ్యాస్ మీటర్ ఎక్కడుందో, దాన్ని చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారో, ట్రైపాడ్, తాడు ఉన్న గది తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. ఆ తాళంచెవి రాత్రిపూట మూసి ఉండే ఆఫీసులో ఉంటుందని తేలితే, అది ప్లాంట్‌లోకి వచ్చేదాకా రాత్రి షిఫ్ట్‌లో ఎవరినీ ట్యాంకులోకి దిగనివ్వకండి.